ఖాళీ గడి

ఆఫీసు, నాలుగో అంతస్తు
మంగళవారం, మధ్యాహ్నం

బాబాయ్,

ఫోన్‌లో చెప్పాల్సిన వార్త ఇది. కానీ నువ్వు ఎత్తితే నీకు ఈల తప్ప ఏమీ వినపడదు, పిన్ని ఎత్తితే సగం తనకి నచ్చినట్టు మార్చి నీ చెవిలో అరుస్తుంది. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

నన్ను మాట్లాడమన్నారు! మేం డిజైన్లకి వాడే ప్రోగ్రాం ఉంది చూడు, కొలతలూ మట్టి బరువూ ఇస్తే గోడ నిలుస్తుందో పడుతుందో లెక్కగట్టి చెప్పేది. అది వాడే ఇంజనీర్లంతా రెండేళ్ళకోసారి ఒకచోట చేరతారు. అయిదు రోజుల సభ. నాలుగు వేల మంది వస్తారట. ఆఖరి రోజు పెద్ద హాల్లో నేను మాట్లాడాలి.

ఎందుకో తెలుసా? నా నమూనా ఫైలు వల్ల. మట్టిని ఆపే గోడ గీయడానికి ఒకప్పుడు వారం పట్టేది. నేను ఎప్పుడూ ఒకేలా ఉండే లెక్కలన్నీ ముందే పెట్టేసి, ఏడంటే ఏడు గడులు ఖాళీగా ఉంచి ఒక ఫైలు చేశాను. ఆ ఏడూ నింపితే మధ్యాహ్నానికల్లా గోడ తయారు. చివర పచ్చ టిక్కు పడితే గోడ నిలుస్తుందని అర్థం. ఆ ఫైలు ఫ్లాపీల మీద ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకి పాకి, ఇప్పటికి పదకొండు వందల మంది దగ్గర ఉందట. దాని పేరేంటనుకున్నావ్? ‘బాబాయి గోడ’. అవును, నీ పేరే పెట్టాను. గోడంటే నాకు గుర్తొచ్చేది నువ్వే.

ఇదివరకు ఏ గడైనా ఖాళీగా వదిలితే ప్రోగ్రాం ఠంగుమని గంట కొట్టేది, నింపేదాకా కదిలేది కాదు. ఆ గంట మోగితే ఆఫీసంతా నా వైపు తిరిగేది. కొత్త వెర్షన్లో ఆ పీడ వదిలింది. పని హాయిగా సాగిపోతోంది.

హాయి సంగతి సరే, భయం సంగతి విను. చిన్నప్పుడు బడిలో నాలుగు ముక్కలు చెప్పమంటే స్టేజీ మీదే ఏడ్చి ముక్కు చీదుకున్నదాన్ని. నాలుగు వేల మంది! 

నాకో పని చేసి పెట్టు. మన వీధి చివర బడి వెనకాల గుట్టకి కట్టిన గోడని ఫోటో తీయించి పంపు. నా సంతకంతో వెళ్ళిన మొదటి గోడ, నువ్వు దగ్గరుండి కట్టించిన ఆఖరి గోడ. తెర మీద అదే చూపిస్తాను.

నీ,
స్కేలు

---

ఇల్లు, వరండా
ఆదివారం

స్కేలమ్మా,

నీ ఉత్తరం పోస్టుమాను చేతిలోంచి మీ పిన్ని లాక్కుంది. దాని దగ్గర్నుంచి నేను లాక్కున్నాను. ఇద్దరం రెండేసి సార్లు చదివాం. నాలుగు వేల మంది ముందు నా పేరు! నలభై ఏళ్ళు సైట్ల మీద సూపర్‌వైజరు ఉద్యోగం చేస్తే ఒక్క రాతి పలక మీద కూడా నా పేరు చెక్కలేదు. నువ్వు ఫ్లాపీ మీద చెక్కావు. పక్కింటివాళ్ళకి చెప్పాను, ఎదురింటివాళ్ళకి చెప్పాను, నీళ్ళ మోటారు బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా చెప్పాను. వాడికి ఫ్లాపీ అంటే ఏంటో తెలీదు, నాకూ తెలీదు, ఇద్దరం తలలూపుకున్నాం.

భయం దేనికే? నువ్వు మాట్లాడేది గోడ గురించి. గోడ తెలిసినవాళ్ళు నీ ఎదురుగా కూర్చుంటారు. నీకు తెలిసినంత చెప్పు, తెలియనిది తెలియదను. నాతో పనిచేసిన మేస్త్రీలకి నేనెప్పుడూ అదే చెప్పేవాణ్ణి.

గంట లేకపోతే నాలాంటివాడికి సుఖమే. కాంక్రీటు మిషన్ల పక్కన చెవులు పోగొట్టుకున్నాక నాకు ఏ గంటా లేదు. మీ పిన్ని తిట్లు కూడా పెదాలు చూసి పోల్చుకోవాలి.

ఫోటో పంపుతున్నాను. ఎడమవైపు నుంచి తీయించాను. కుడివైపు వెలుతురు సరిగా లేదు. బడికి వేసవి సెలవులు కాబట్టి పిల్లలు లేరు. ఉంటే ఇంకా అందంగా ఉండేది. పొద్దున బడి గంట కొట్టగానే ఆ గోడ నీడలోనే వరసలు కట్టి నిలబడతారు.

ఒంట్లో జాగ్రత్త. వేళకి తిను.

ఆశీస్సులతో,
బాబాయి

(తల్లీ, నేను పిన్నిని. ఈ మనిషి కలం కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్తే రాస్తున్నాను. రోజూ సాయంత్రం ఎక్కడికో వెళ్తున్నాడు. అడిగితే వినపడనట్టు నటిస్తాడు. నిజంగా వినపడనప్పుడు వేరు, నటించేటప్పుడు వేరు, ఇన్నేళ్ళకి నాకు తెలీదా? తిరిగొచ్చేసరికి చెప్పులకి బురద. చినుకు పడక మూడు నెలలైంది. ఈ ఎండల్లో బురద ఎక్కడిదమ్మా?)

---

హోటలు, గది నంబరు 614
సోమవారం, సాయంత్రం

బాబాయ్,

వచ్చేశాను. దాన్ని హాలనకూడదు, విమానాలు పెట్టుకునేంత ఉంది. మెడలో అందరికీ కార్డులు. మాట్లాడబోయేవాళ్ళ కార్డు కింద ఎర్ర రిబ్బను. నాది చూసి పెద్దపెద్ద తలపండినవాళ్ళు కూడా పక్కకి జరిగి దారిస్తున్నారు. నాకేమో ఎవరి కార్డో పొరపాటున మెడలో వేసుకున్నట్టుంది.

పొద్దున ఒక తమాషా జరిగింది. ఇదివరకు ప్రోగ్రాంలో చేసిన తప్పుని ఒక్కసారే వెనక్కి తీసుకునే వీలుండేది. ఇకమీదట వరసగా పదహారు తప్పులు వెనక్కి తీసుకోవచ్చని ప్రకటించారు. నాలుగు వేల మంది లేచి నిలబడి చప్పట్లు! నా పక్కన రోడ్ల ఇంజనీరొకాయన కళ్ళు తుడుచుకున్నాడు, ఒట్టు. నేనూ ఈల వేశాను.

తలుపు దగ్గర అందరికీ సంచులు పంచారు. పెన్నూ, పుస్తకమూ, ఒక ఫ్లాపీ. ఆ ఫ్లాపీ మీద ‘బాబాయి గోడ’ అని అచ్చు వేసి ఉంది. చెప్పకుండా చేశారు, నన్ను ఆశ్చర్యపరచాలని. నాలుగు వేల సంచుల్లో నీ పేరు.

భోజనాల దగ్గర తెల్లజుట్టావిడ ఒకరు నా ఎదురుగా కూర్చున్నారు. వంతెనలు గీస్తారట. చాలా మర్యాదగా అడిగారు. “అమ్మాయ్, నీ ఫైల్లో గోడ వెనక నీటి మట్టం గడి ఖాళీగా ఎందుకుంది?” “ఎవరి స్థలంలో నీళ్ళు ఎంతున్నాయో వాళ్ళే నింపుకోవాలని కావాలనే ఖాళీగా ఉంచానండీ” అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టి, “మరి నింపకపోతే ఏమవుతుంది?” అన్నారు. “నింపకపోతే గంట...” అంటూ ఆగిపోయాను. ఆవిడ మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయారు.

ఏమీ లేదులే. రేపు ఒకసారి చూసుకుంటాను.

అన్నట్టు బాబాయ్, ఊరికే అడుగుతున్నాను. బడి గోడకి నీటి కన్నాలు పెట్టించావు కదా? వెనక చేరిన నీళ్ళు బయటికి పోవడానికి నువ్వు ప్రతి గోడకీ గొట్టాలు పెట్టించేవాడివి. డ్రాయింగ్‌లో ఉన్నా లేకపోయినా పెట్టించేవాడివని కాంట్రాక్టరు నీ మీద విసుక్కునేవాడు కూడా. నువ్వు పంపిన ఫోటోలో అవి కనపడటం లేదు. ఎండ పడి కనపడలేదేమో.

ఇంకొకటి. పిన్ని చెప్పుల బురద సంగతి రాసింది. ఎక్కడికి వెళ్తున్నావు?

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను, రేపటికి అందుతుంది. నువ్వూ ఎక్స్‌ప్రెస్‌లోనే రాయి.

స్కేలు

---

హోటలు, గది నంబరు 614
బుధవారం, పొద్దున

బాబాయ్,

నీ జవాబు ఇంకా రాలేదు. దారిలో ఉంటుంది. ఆగలేక రాస్తున్నాను.

నిన్న ఇక్కడ ప్రోగ్రాం ప్రయత్నించి చూసుకునే గదిలో ఒక కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా ఫైలు తెరిచి మన బడి గోడ కొలతలే ఇచ్చాను. ఆరు గడులు నింపాను, నీటిది వదిలేశాను. గంట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. మోగలేదు. పచ్చ టిక్కు పడింది.

అప్పుడు నీటి గడి నింపాను. గోడలో సగం ఎత్తు దాకా నీళ్ళున్నట్టు. తెరంతా ఎర్రబడింది. గోడ ముందుకి పడుతుందని రాసి ఉంది బాబాయ్, అక్షరాలా ‘పడుతుంది’ అని.

కొత్త వెర్షన్లో ఖాళీ అంటే సున్నా. ఖాళీ అంటే పొడి. గడి ఖాళీగా ఉంటే గోడ వెనక చుక్క నీరు లేదనుకుని లెక్కవేస్తుంది. ఆ సంగతి ప్రోగ్రాంతో ఇచ్చిన పుస్తకం వెనక చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యంలో ఉంది. నేను చదవలేదు. బడి గోడ గీసింది కొత్త వెర్షన్ వచ్చిన నెలలోనే. ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. నాలుగింటికల్లా కాగితాలు వెళ్ళిపోవాలన్నారు. ఆరు గడులు నింపాను, గంట మోగలేదు, అన్నీ నింపేశాననుకున్నాను.

పెద్దాయనకి చెప్పాను. అదే, మా కంపెనీ యజమాని. ఆయన కూడా వచ్చారు, ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళతో శుక్రవారం ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కూర్చోమని, టీ తెప్పించి, తలుపు వేసి మెల్లగా అన్నారు. “రెండేళ్ళు నిలబడ్డాయిగా ఆ గోడలు. ఇంకో వారం నిలబడవా? సంతకం అయిపోనీ. ఆఫీసుకి వెళ్ళాక నెమ్మదిగా అందరికీ ఉత్తరాలు రాద్దాం. ఇప్పుడు నోరు తెరిచావో, నిన్నే కాదు, నీ సంతకం ఉన్న ప్రతి కాగితాన్నీ తవ్వుతారు.” నేను తలూపి వచ్చేశాను. తలెందుకు ఊపానో నాకే తెలీదు.

వచ్చే సోమవారం బడి తెరుస్తారు కదా? పొద్దున వరసలు ఆ గోడ నీడలోనే కదా?

కన్నాలు పెట్టించావని ఒక్క ముక్క రాయి బాబాయ్. ఒక్క ముక్క చాలు.

స్కేలు

---

ఇల్లు
మంగళవారం రాసి, బుధవారం పొద్దున పోస్టు చేసింది

స్కేలమ్మా,

నీ సోమవారపు ఉత్తరం ఇవాళ అందింది. రెండు కాగితాలు చించేశాను. ఇది మూడోది.

పెట్టించలేదు.

నలభై ఏళ్ళలో నేను కన్నాలు పెట్టించని గోడ అదొక్కటే. నీ డ్రాయింగ్‌లో లేవు. మేస్త్రీ గొట్టాలు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు కూడా, అలవాటు కొద్దీ. నేనే వద్దన్నాను. ఎందుకంటావా? నీ సంతకంతో వచ్చిన మొదటి డ్రాయింగు అది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు దాన్ని చేతిలో పట్టుకుని, “గీతలు భలే శుభ్రంగా ఉన్నాయండీ, ఎవరిది?” అన్నాడు. మా అన్నయ్య కూతురని చెప్పాను. ఛాతీ ఇంత అయింది. ఆ తర్వాత డ్రాయింగ్‌లో లేనిది నేను పెట్టిస్తే, దాంట్లో తప్పుందని నేనే చాటింపు వేసినట్టు కాదూ? పెద్ద చదువు చదివింది, నీళ్ళ సంగతి లెక్క వేసే ఉంటుందనుకున్నాను. నీకో కార్డు రాసి అడగొచ్చు. అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటావనుకున్నాను. చచ్చు గర్వం. నీది కాదు, నాది.

ఇంకా ఉంది, చదువు. గుట్ట పైన కొత్తగా ఇళ్ళు కట్టారు. వాళ్ళ స్నానాల నీళ్ళూ వంటింటి నీళ్ళూ అన్నీ మట్టిలోకే. గోడకి కుడివైపు అడుగున మూడు నెలలుగా తడి. అందుకే ఫోటో ఎడమవైపు నుంచి తీయించాను. వెలుతురు సంగతి అబద్ధం. రోజూ సాయంత్రం వెళ్ళి దారం కట్టి తూకం గుండు వేలాడదీసి చూస్తున్నాను. మొదట్లో దారానికీ గోడకీ మధ్య అగ్గిపెట్టె పడుకోబెడితే సరిపోయేది. నిన్న అగ్గిపెట్టె నిలబెట్టినా ఇంకా సందు మిగిలింది.

గోడ ఒరుగుతోంది. బిడ్డ సభకి వెళ్ళొచ్చాక చెబుదాంలే, దాని పండగ చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. అరవై రెండేళ్ళొచ్చాయి, బుద్ధి మాత్రం రాలేదు.

నాకు భయంగా ఉంది. సైట్ల మీద నా కళ్ళ ముందే గోడలు పడ్డాయి. అవి పడే ముందు చిన్నగా మూలుగుతాయి, పాతవాళ్ళకి తెలుసు. నాకిప్పుడు ఆ మూలుగు వినపడదు. చెయ్యి ఆనించి నిలబడుతున్నాను. అంతే చేయగలిగింది.

ఏం చేయమంటావో చెప్పు.

బాబాయి

---

తంతి
గురువారం, ఉదయం 9.40

బడి తెరవనివ్వద్దు. గోడ దగ్గరికి పిల్లలు కాదు, పిల్లి కూడా రాకూడదు. దూలాలతో ముందు నుంచి ఆనించండి. తర్వాత ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, అడుగున కన్నాలు వేయించు. ఎదురుగా కాదు, పక్కగా నిలబడాలి. ఒంటరిగా వెళ్ళొద్దు. తప్పు నాది, ఎవరడిగినా ఈ తంతి చూపించు. స్కేలు

---

సభ జరిగే భవనం, వెనక మెట్ల మీద
శుక్రవారం, మధ్యాహ్నం

బాబాయ్,

చెప్పేశాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి, ఏమీ అనుకోకు.

పొద్దున నా పేరు పిలిచేదాకా చెబుతానో లేదో నాకే తెలీదు. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నారు, కొత్త కోటు వేసుకుని. నీ ఉత్తరం నా జేబులో ఉంది. స్టేజీ ఎక్కి మైకు ముందు నిలబడ్డాను. తెర మీద మన గోడ ఫోటో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద గోడ బాబాయ్, ఇల్లంత. ఎడమ సగం. నేను మాత్రం తెర బయట ఉన్న కుడి సగాన్నే చూస్తున్నాను.

రాసుకొచ్చిన కాగితాలు మడిచి పెట్టేసి అడిగాను. “‘బాబాయి గోడ’ వాడినవాళ్ళు చేతులెత్తండి.” లేచాయి, లేచాయి, లేస్తూనే ఉన్నాయి. నవ్వుతూ ఎత్తారు. కొందరు రెండు చేతులూ ఎత్తారు, నన్ను ఉత్సాహపరచాలని. అప్పుడన్నాను. “నీటి మట్టం గడి నింపినట్టు ఖాయంగా గుర్తున్నవాళ్ళు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి. మిగతావాళ్ళు దించేయండి.”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక చెయ్యి దిగింది. పక్కది దిగింది. హాలు మొత్తం దిగిపోయింది బాబాయ్, వరసలు వరసలుగా. నవ్వులు ఆగిపోయాయి. ఇంచుమించు వెయ్యి మంది చేతులెత్తితే, ఎత్తినవి ఎత్తినట్టే మిగిలినవి ఇరవైకి మించవు. తెల్లజుట్టావిడది ఒకటి. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నీకు రోజూ ఇలాగే ఉంటుందా?

మిగతాదంతా చెప్పాను. ఖాళీ అంటే పొడి అనుకుంటుందని చెప్పాను. ఎవరి ఊరని చెప్పకుండా మన గోడ కుడివైపు సంగతి, నీ అగ్గిపెట్టె సంగతి చెప్పాను. నీ దగ్గర కూడా దాచింది ఒకటి చెప్పాను. రెండున్నరేళ్ళ కిందట ప్రోగ్రాంవాళ్ళు కార్డులు పంపి, ‘మీకు చిరాకు తెప్పించేది ఏమిటి, తీసేస్తాం’ అని అడిగారు. నేను ‘ఆ గంట’ అని రాసి పోస్టు చేశాను. నాలాగే రెండొందల మంది రాశారట. అందుకే తీసేశారు. మోగి మోగి మమ్మల్ని కాపాడుతున్నదాని నోరు మేమే నొక్కాం.

పెద్దాయన మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. తలుపు దగ్గర ఎదురైతే, “సోమవారం నుంచి రానక్కర్లేదు” అన్నారు, టైమెంతైందో చెప్పినంత మామూలుగా. ప్రోగ్రాంవాళ్ళ మనిషి మొహం పాలిపోయింది. అయినా మంచివాడు, ఫైలు తీసుకున్న అందరి చిరునామాలూ నాకిస్తానన్నాడు. ద్వారాల దగ్గర బుట్టలు పెట్టారు. సంచుల్లోంచి ఫ్లాపీలు తీసి అందులో పడేసి వెళ్తున్నారు. ఇక్కడికి వినపడుతోంది, టపటపమని.

రాత్రి బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో. బడి సంగతి తెలియక ప్రాణం కొట్టుకుంటోంది. టీచరమ్మ ఒప్పుకుందా? గోడ ఉందా?

స్కేలు

---

ఇల్లు
బుధవారం. తేదీ నువ్వే చూసుకో

స్కేలమ్మా,

నువ్వు వచ్చి రెండు రోజులుండి, మళ్ళీ ఆ చిరునామాల పని మీద పరిగెత్తావు. ఉన్న రెండు రోజులూ నీతో మాట్లాడదామంటే గోడ చుట్టూ జనం. కాబట్టి మిగిలింది కాగితం మీద.

నువ్వు రాకముందు జరిగింది నీకు సరిగా చెప్పలేదు. తంతి పట్టుకుని గురువారమే పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బల్ల వెనక గోడకి నీ లెక్కల కాగితం అద్దం కట్టించి పెట్టుకుంది, పచ్చ టిక్కుతో సహా. “ఇంజనీరమ్మ సంతకం ఉంది కదండీ, మీరు కంగారు పడకండి” అంది. నేను చెవిటివాణ్ణి కదా, బల్ల గుద్ది గట్టిగా అరిచానట, తర్వాత మీ పిన్ని చెప్పింది. “ఆ సంతకం పెట్టిన పిల్లే ఇది తప్పంటోంది, చదవండి!” అన్నాను. తంతి చదివింది. తర్వాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అగ్గిపెట్టె చూపించాను. ఆ సందులోంచి అగ్గిపెట్టె ఊరికే జారి కింద పడింది. ఆవిడ రెండు అడుగులు వెనక్కి వేసి, అటు నుంచి అటే పరిగెత్తింది. సాయంత్రానికి బడి గేటుకి తాళం.

దూలాలు ఆనించాం. మేస్త్రీ వచ్చాడు, అదే పాత మేస్త్రీ. ఆ పాత గొట్టాలే తెచ్చాడు, ఇన్నాళ్ళూ దాచుకున్నాడట. ఎడమ చివర నుంచి డ్రిల్లు పెట్టాం. మొదటి మూడు కన్నాలూ పొడి. నాలుగోది చెమ్మ. ఏడోది వేయగానే నల్లటి నీళ్ళు చిమ్మాయి తల్లీ, మనిషిని తోసేసేంత. నువ్వు పక్కగా నిలబడమని రాయకపోతే మేస్త్రీ ఎదురుగా ఉండేవాడు. ఆ నీళ్ళు ఒక పగలూ ఒక రాత్రీ ఆగలేదు. నువ్వొచ్చి చూసినప్పుడు కారుతున్నవి మిగిలినవి మాత్రమే.

నువ్వు వెళ్ళాక ఆఫీసర్లు వచ్చి గోడ ఉంచకూడదని తేల్చారు. పై నుంచి మట్టి తవ్వి, గోడని ముక్కలుగా కోసి దించారు. కుడివైపు వెనకాల మట్టి లేదు, బురద గుజ్జు. చేతికర్ర గుచ్చితే పూర్తిగా మునిగిపోయింది. ఆఫీసరు చూసి, దూలాలూ కన్నాలూ లేకుంటే మొదటి పెద్ద వానకి పోయేదన్నాడు. ఆ వాన గోడ దించకముందే, సోమవారం పొద్దునే పడింది. బడి గంట కొట్టే వేళకి. నేను గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నాను. పిల్లలు వరసలు కట్టే చోటంతా ఖాళీ. అక్కడే చూస్తూ చాలాసేపు ఏడ్చాను, ఎవరికైనా కనపడితే వాన అనుకుంటారులే అని.

ఉద్యోగం పోయినందుకు బాధపడకు అని రాయను. బాధగానే ఉంటుంది. కానీ ఒకటి రాస్తాను. కొత్త గోడ గీయమని ఆఫీసర్లు నీకే చెప్పారట. గీసి ముందు నాకు పంపు. ఈసారి నచ్చనిది కనపడితే ఎర్ర పెన్సిలుతో చుట్టి పంపుతాను. మొహం ముడుచుకుంటావా, ముడుచుకో. నేను మాత్రం ఊరుకోను.

బాబాయి

---

అద్దె గది, కిటికీ పక్క బల్ల
నెల తర్వాత, శనివారం

బాబాయ్,

కొత్త గోడ డ్రాయింగు పంపుతున్నాను. నీటి కన్నాలు రెండు వరసలు. నువ్వు ఏమైనా చుడతావని ఎర్ర పెన్సిలు కూడా పెట్టాను, మొద్దుబారితే పిన్నిని చెక్కిపెట్టమను.

ఫైలు మార్చేశాను. ఇప్పుడు నీటి గడి ఖాళీగా రాదు. గోడ పై అంచు దాకా నీళ్ళున్నట్టు ముందే నింపి వస్తుంది. తక్కువ ఉన్నాయనుకునేవాళ్ళు తమ చేత్తో తగ్గించి, ఎందుకు తగ్గించారో రాయాలి. ప్రోగ్రాంవాళ్ళు గంట మళ్ళీ పెట్టారు. తెల్లజుట్టావిడ తన ఆఫీసులో ఒక కుర్చీ ఇస్తానన్నారు, వచ్చే నెల నుంచి.

అసలు పని ఇది. పాత ఫైలు తీసుకున్న పదకొండు వందల ఆరుగురికీ ఉత్తరాలు రాశాను. ‘గోడ చూసి, నీళ్ళు పోయే దారి ఉందో లేదో ఒక కార్డు మీద రాసి పంపండి, చాలు’ అన్నాను. కార్డులు వస్తున్నాయి. ‘ఉంది.’ ‘ఉంది.’ ‘లేదు, వేయించాం.’ ఒకాయన రాశాడు: ‘లేదు. వేయిస్తుంటే పడింది. ఎవరూ లేరు.’ ఆ కార్డుని బల్ల మీద విడిగా పెట్టాను.

ఒక పెద్ద కాగితం మీద అందరి పేర్లూ రాసి, పేరు పక్కన ఒక గడి గీసి గోడకి అంటించాను. కార్డు వస్తే గడిలో టిక్కు పెడతాను. ఈ పొద్దుటికి ఇంకా రెండొందల పద్నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి. చిరునామా మారిందేమో, బద్ధకమేమో, ఉత్తరం అందలేదేమో. అన్నీ బాగానే ఉండి రాయలేదేమో. రోజూ నాకు నేనే అలా చెప్పుకుంటున్నాను. నిద్రలో చేతులు దిగిపోతూ కనపడుతున్నాయి. భయమేస్తోంది బాబాయ్, నీ దగ్గర దాచనింక.

తెల్లవారినప్పటి నుంచి ఇక్కడ వాన. కిటికీ మూసినా చప్పుడు వినపడుతోంది. ఖాళీ గడి అంటే పొడి అని నేనింక అనుకోను. ఆ రెండొందల పద్నాలుగు గోడల వెనకా నిండా నీళ్ళున్నాయనే లెక్కేసుకుని, మొదటి పేరు నుంచి మళ్ళీ ఉత్తరాలు మొదలుపెట్టాను.

స్కేలు